ఇంటి స్టీరియో సెట్టు: పాలమూరు ఇళ్లలో పాట

ఒక ఆంప్లిఫయరు, కుడి ఎడమలకు రెండు స్పీకరు పెట్టెలు, పాటను అందించడానికి రేడియోనో కేసెట్టో సీడీయో పెన్‌డ్రైవో ఫోనో ఉంటాయి. ఇవన్నీ ఒక బల్ల మీదో గోడ గూట్లోనో ఇమిడిపోతే దాన్ని చిన్న ఇంటి స్టీరియో అంటారు. జనం వాడుకలో ఇది టూ ఇన్ వన్, డెక్కు, హోం థియేటరు అని కాలాన్ని బట్టి పేరు మార్చుకుంటూ వచ్చింది. పెట్టెలు మాత్రం ఎప్పుడూ సౌండు బాక్సులే. పదివేల రూపాయల లోపు దొరికే సెట్లు, మెకానిక్కు చేత కట్టించుకున్న సెట్లు, చేతులు మారి వచ్చిన పాత సెట్లు ఈ వ్యాస పరిధిలోకి వస్తాయి.

ఇలాంటి సెట్లు ఉన్న ఊళ్లలో ఒకటి కొత్తకోట. అది వనపర్తి జిల్లాలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద, హైదరాబాదుకూ కర్నూలుకూ నడుమ ఉన్న పట్టణం. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో ఉండేది. చేనేత, మెట్ట వ్యవసాయం, పనికోసం దూరాలు పోయే వలస ఈ ప్రాంత జీవనానికి ఆధారాలు. ఇలాంటి చోట స్టీరియో కొనడం ఒక ఎత్తు, దాన్ని ఎండకూ దుమ్ముకూ హెచ్చుతగ్గుల కరెంటుకూ తట్టుకునేలా పదేళ్లు వాడుకోవడం మరో ఎత్తు. సెట్టు మీద రాసిన వాట్ల కన్నా, అది కూర్చున్న గది, దానికి అందే కరెంటు, దాన్ని విప్పి బాగుచేయగల మెకానిక్కు, ఈ మూడే ఇంట్లో వినిపించే పాటను నిర్ణయిస్తాయి. చవక సెట్ల విషయంలో ఇది మరీ నిజం.

రేడియో నుంచి డెక్కు దాకా

ఈ ప్రాంతపు ఇళ్లలోకి మొదట వచ్చిన పాటల పెట్టె రేడియో. నిజాం ఏలుబడిలో 1935లో ప్రసారాలు మొదలుపెట్టిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. హైదరాబాదు కేంద్రం మీడియం వేవులో 738 కిలోహెర్ట్జ్ మీద వినిపించేది. మీడియం వేవు అలలు నేలను అంటుకుని పోతాయి గనుక గుట్టలు అడ్డం వచ్చినా పాలమూరు పల్లెల దాకా పగటిపూట కూడా అందేవి. రేడియో ఉంచుకోవాలంటే పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు రుసుం కట్టాల్సి వచ్చేది. 1980ల నడుమకు ఆ పద్ధతి పోయింది. అయితే మీడియం వేవు మోనో. ఎన్ని పెట్టెలు తగిలించినా అన్నింటిలోనూ వచ్చేది ఒకే ధ్వని.

రెండు పెట్టెలకు రెండు వేర్వేరు ధ్వనులు పంపి, వినేవాడి ముందు గాయకుడు ఒక చోట, వాద్యాలు తలా ఒక చోట ఉన్నట్టు అనిపించేలా చేసే పద్ధతికి 1931లో ఇంగ్లండులోని ఇ.ఎం.ఐ. ఇంజనీరు అలన్ బ్లమ్లీన్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆ పద్ధతిలో గ్రామఫోను రికార్డులు మార్కెట్లోకి రావడానికి 1950ల చివరి దాకా పట్టింది. మన పల్లెలకు స్టీరియో రికార్డు రూపంలో దాదాపు రాలేదు, కేసెట్టు రూపంలో వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో చూపించిన ఆ చిన్న డబ్బీలో 3.81 మిల్లీమీటర్ల వెడల్పు టేపు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడిచేది. ఒక్కో పక్కకు ఎడమ, కుడి జాడలు రెండూ ఆనుకుని ఉండేలా అమర్చడం ఆ ఇంజనీర్ల ముందుచూపు. దానివల్ల స్టీరియో కేసెట్టును మోనో టేపురికార్డరులో పెట్టినా రెండు జాడలూ కలిసి వినిపించేవి. ఒకే కేసెట్టు ఉన్నవాళ్ల డెక్కులోనూ, లేనివాళ్ల ఒంటి స్పీకరు సెట్టులోనూ పాడింది.

1991 సంస్కరణలకు ముందు విదేశీ సెట్ల మీద దిగుమతి సుంకాలు ఎక్కువ. ఫిలిప్స్, మర్ఫీ, బుష్, నెల్కో వంటి పేర్లే దుకాణాల్లో కనిపించేవి. తెలంగాణలో గల్ఫు వలస ఉత్తరపు జిల్లాల్లో ఎక్కువ. పాలమూరు వలస దారి వేరు. ఇక్కడి కూలీలు గుంపులుగా ఆనకట్టల పనులకూ కాలువల తవ్వకాలకూ బొంబాయి, పుణె నిర్మాణాలకూ పోయేవారు. ఆరు నెలల పని ముగించుకుని ఇంటికి వస్తూ చేతిలో ఒక టేపురికార్డరు పట్టుకుని బస్సు దిగడం ఆ రోజుల్లో గొప్ప సంగతి. దాన్ని గూట్లో పెట్టి, మీద దుమ్ము పడకుండా అల్లిక గుడ్డ కప్పేవారు.

కేసెట్టు అసలు బలం అది ఎవరైనా రికార్డు చేయగలిగినది కావడం. గుల్షన్ కుమార్ 1983లో మొదలుపెట్టిన టీ-సిరీస్ ధరను కిందికి దింపి, కేసెట్లను పాన్‌డబ్బాలకూ కిరాణా కొట్లకూ చేర్చింది. తెలుగులో సినిమా పాటలకు సమానంగా భక్తి పాటలు, ఒగ్గు కథలు, యక్షగానాలు, జానపదాలు అమ్ముడుపోయాయి. ఏటా కార్తీకంలో జరిగే కురుమూర్తి జాతర లాంటి చోట్ల భక్తి పాటల కేసెట్లు కొనుక్కుని ఇంటికి రావడం తీర్థం చేసినంత మామూలు. గద్దరు, జననాట్యమండలి విప్లవ పాటలు రేడియోలో వచ్చేవి కావు. అవి ఊరూరా తిరిగింది కేసెట్ల మీదనే. పాత పాలమూరు జిల్లాలోని గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాట కూడా సినిమాకు ఎక్కకముందే వేదికల మీదా కేసెట్లలోనూ జనానికి పరిచయమైంది. రెండు కేసెట్ల డెక్కు ఉన్న ఇల్లు ఊరికి నకళ్ల కేంద్రం అయ్యేది. ఒక నకలు నుంచి మరో నకలు తీసిన కొద్దీ బుస్సుమనే చప్పుడు పెరుగుతూ, తాళాల మోత మసకబారుతూ పోయేది. అయినా పాట మిగిలింది. తెలంగాణ పాట చరిత్ర రాసేవారు ఈ చవక డెక్కులకు ఒక అధ్యాయం కేటాయించాలి.

సీడీ ప్లేయరు 1982లో జపానులో మార్కెట్లోకి వచ్చింది. ఇక్కడి సామాన్యుడికి అది అందింది 2000 తర్వాత, ఎం.పి.3 సీడీ రూపంలో. మామూలు ఆడియో సీడీలో 74 నిమిషాల పాట పడుతుంది. అదే డిస్కు మీద నిమిషానికి సుమారు ఒక మెగాబైటు చొప్పున కుదించిన ఎం.పి.3లు 140 దాకా ఎక్కుతాయి. ఆ తర్వాత పెన్‌డ్రైవు, మెమరీ కార్డు వచ్చి, సెల్‌ఫోను దుకాణాలే పాటలు ఎక్కించే అడ్డాలు అయ్యాయి. 2016 సెప్టెంబరు 5న జియో మొదలయ్యాక పాట నేరుగా ఫోనులోకి దిగింది. అప్పటి నుంచి ఇంటి స్టీరియో పాటను దాచుకునే చోటు కాకుండా పోయి, ఫోనులోని పాటను గది నిండా వినిపించే సాధనంగా మారింది.

పెట్టె మీది వాట్లు

1990లలో రంగురంగుల బుడ్డి దీపాలతో వచ్చిన సెట్ల మీద 800, 1200 వాట్లంటూ పెద్ద అక్షరాలతో రాసేవారు. దాని పక్కన సన్నగా పి.ఎం.పి.ఓ. అని ఉండేది. ఒక్క క్షణంలో వెయ్యోవంతు సేపు, వక్రీకరణను లెక్క చేయకుండా, అన్ని స్పీకర్లకూ కలిపి ఊహించిన అంకె అది. దానికి ఒప్పుకున్న ప్రమాణం అంటూ ఏదీ లేదు. నికరంగా వచ్చే బలాన్ని ఆర్.ఎం.ఎస్. వాట్లు చెబుతాయి. అవి కూడా ఎంత వక్రీకరణ దగ్గర కొలిచారో చూడాలి. 10 శాతం దగ్గర కొలిచిన అంకె, 1 శాతం దగ్గర కొలిచినదాని కన్నా పెద్దగా కనిపిస్తుంది.

కొనేవాడు మోసపోకుండా ఉండటానికి చదువు అక్కర్లేని ఉపాయం ఒకటి ఉంది. సెట్టు వెనక్కి తిప్పి, కరెంటు తీగ దగ్గర అంటించిన చీటీ చదవాలి. అక్కడ 230 వోల్టులు, 30 వాట్లు అని ఉంటే, గోడ నుంచి 30 వాట్లే లోపలికి పోతున్నాయన్న మాట. లోపలికి పోయినదాని కన్నా ఎక్కువ ఎడతెగకుండా బయటికి రావడం జరగదు. పాత తరహా ఏ-బి ఆంప్లిఫయరులో అందులోనూ సగం దాకా వేడి కింద పోతుంది. కొత్త డి-తరగతి చిప్పుల్లో 90 శాతం దాకా పాటగా మారుతుంది. అరచేతిలో పట్టే సెట్లు కూడా గట్టిగా పాడటానికీ, వెనక అల్యూమినియం రెక్కలు మాయం కావడానికీ కారణం ఇదే.

అసలు ఇంటికి ఎన్ని వాట్లు కావాలి? చిన్న స్పీకర్లు సాధారణంగా ఒక వాటు ఇస్తే మీటరు దూరాన 86 డెసిబెల్‌ల దగ్గర పలుకుతాయి. రెండు మీటర్ల దూరాన కూర్చుంటే, రెండు పెట్టెలూ కలిసి ఒక్కో వాటుతో 80కి పైనే వినిపిస్తాయి. అది మాట మీద మాట వినిపించనంత గట్టి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్ల బలం కావాలి. అందువల్ల 25 వాట్ల సెట్టుకూ 50 వాట్ల సెట్టుకూ మధ్య ఇంట్లో తేడా తెలియడం కష్టం. ఆ తేడాకు పెట్టే డబ్బు మంచి స్పీకర్ల మీద పెడితే మాట స్పష్టత వెంటనే తెలుస్తుంది.

ఈ మధ్య ఎక్కువ అమ్ముడుపోతున్న 2.1 సెట్లలో ఒక పెద్ద వూఫరు, రెండు చిన్న పెట్టెలు ఉంటాయి. ఆ చిన్న పెట్టెల్లో మూడంగుళాల లోపు స్పీకర్లు పెట్టి, మిగతా భారమంతా వూఫరు మీద వేస్తారు. మగవారి గొంతులోని నిండుదనం, డోలకు, డప్పు మీద చెయ్యి పడే చప్పుడు చాలావరకు 100 నుంచి 300 హెర్ట్జ్ నడుమ ఉంటాయి. సరిగ్గా అక్కడే ఈ సెట్లు బోలుగా ఉంటాయి. కింద ధుం ధుం, పైన చిమ్మటల చప్పుడు, నడుమ గాయకుడు దూరంగా. పాట కోసం కొనేవారికి నాలుగైదంగుళాల స్పీకర్లున్న రెండు మామూలు పెట్టెలే మేలు. సినిమా పేలుళ్ల కోసమైతే వూఫరు సరే.

కట్టించుకున్న సెట్టు

కంపెనీ సెట్టుకు పక్కనే మన దగ్గర ఎప్పుడూ ఇంకో దారి ఉంది. అదే అసెంబుల్డ్ సెట్టు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు, ఖాళీ పెట్టెలు విడివిడిగా దొరుకుతాయి. ఊళ్లోని మెకానిక్కు అక్కడి నుంచి సరుకు తెచ్చి కడతాడు. ఎన్నో ఏళ్లు ఈ పనికి గుండెకాయలా ఉన్నది సాన్యో కంపెనీ తయారుచేసిన ఎల్.ఎ.4440 అనే ఐసీ. కారు స్టీరియోల కోసం పుట్టిన ఈ 14 కాళ్ల చిప్పు 13.2 వోల్టుల దగ్గర రెండు పక్కలకూ ఆరేసి వాట్లు, రెండింటినీ కలిపి ఒకే స్పీకరుకు ఇస్తే 19 వాట్ల దాకా ఇచ్చేది. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, ఒక పెద్ద కెపాసిటరు, వేడి లాగడానికి అల్యూమినియం ముక్క, ఇంతే సరంజామా. ఇంకాస్త బలం కావాలన్నవారికి టి.డి.ఎ.2030, పెళ్లిళ్లకు వాడేవారికి టి.డి.ఎ.7294 కట్టేవారు. ఇప్పుడు ఫోను చార్జరు 5 వోల్టుల మీదనే పక్కకు మూడేసి వాట్లు ఇచ్చే పి.ఎ.ఎం.8403 బోర్డు తీపి బిళ్లంత ఉంటుంది.

దీనికి చుట్టంలాంటిదే కారు డెక్కుతో చేసిన ఇంటి సెట్టు. యు.ఎస్.బి., ఎఫ్.ఎం., బ్లూటూత్ అన్నీ ఉన్న చవక కారు ప్లేయరుకు పాత కంప్యూటరు ఎస్.ఎం.పి.ఎస్. నుంచి పసుపు తీగ 12 వోల్టులు, నల్ల తీగ నెగెటివు ఇస్తే ఇంట్లో పాడుతుంది. కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీకి తగిలించవచ్చు. పొలం దగ్గరి గుడిసెలో సోలారు పలకతో నింపిన బ్యాటరీ మీదా నడుస్తుంది. ఇంత సులువుగా మూడు రకాల కరెంటు మీద నడిచే కంపెనీ సెట్టు అరుదు.

పెట్టె కొనలేనివారు మట్టికుండ మూతికి స్పీకరు బిగిస్తారు. నవ్వులాటగా కనిపించే ఈ పని వెనక సరైన భౌతికశాస్త్రం ఉంది. స్పీకరు కాగితం ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. పెట్టె లేకపోతే ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మంద్రస్వరం అందుకే మాయమవుతుంది. కుండ వెనక అలను బంధిస్తుంది. గుండ్రని మందపాటి గోడ పలచని ప్లాస్టిక్కు డబ్బా కన్నా తక్కువగా అదురుతుంది. కుండ గొంతుకు, స్పీకరు అంచుకు మధ్య సందు లేకుండా సైకిలు ట్యూబు ముక్కతో మూసి, లోపల కొంత పత్తి పెడితే రొద తగ్గుతుంది. పత్తి ఈ నేలలో కొనాల్సిన పని లేదు.

అసెంబుల్డ్ సెట్టులో జాగ్రత్త పడాల్సినవి రెండు. ఆంప్లిఫయరు మీద 4 ఓములు అని ఉంటే ఒక్కో పక్కకు 4 ఓముల పెట్టె ఒకటే తగిలించాలి. చప్పుడు చాలలేదని మరొకటి జంటగా కలిపితే మొత్తం 2 ఓములకు పడిపోయి, కరెంటు రెట్టింపై ఐసీ కాలుతుంది. రెండోది, ఇనుప డబ్బాను ముట్టుకుంటే జిల్లుమనడం. అది మామూలే అని వదిలేయకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు, ఫ్యూజు, ఇంటికి బొగ్గూ ఉప్పూ వేసి తవ్విన ఎర్తు గుంత ఉండి తీరాలి. చెప్పుల్లేని కాళ్లతో తడి నేల మీద నిలబడి పాట మార్చే పిల్లలున్న ఇంట్లో ఈ ఖర్చు మిగిల్చుకునేది కాదు.

కంపెనీ సెట్ల విషయానికొస్తే, హైదరాబాదులో పుట్టిన మివి వంటి సంస్థలు బ్లూటూత్ స్పీకర్లు, సౌండుబార్లు ఇక్కడే తయారుచేస్తున్నాయి. ఒకే కడ్డీలో రెండు పక్కలూ ఇమిడ్చిన సౌండుబారు టీవీ కింద అందంగా ఉంటుంది. అయితే రెండు పెట్టెలు దూరంగా పెట్టినప్పటి విస్తారం దానిలో రాదు. చెడిపోతే ఊరి మెకానిక్కుకు విడి భాగాలూ దొరకవు.

మిద్దె, రేకులు, స్లాబు

ఒకే సెట్టు ఒక ఇంట్లో తీయగానూ, ఇంకో ఇంట్లో చెవులు గింగురుమనేలానూ పాడటానికి కారణం గది. పాలమూరు పాత మిద్దె ఇళ్లలో రెండడుగుల మట్టి గోడలు, దూలాలు, దంతెలు, పైన మట్టి కప్పు. గోడ నిండా గూళ్లు, మూలన ధాన్యం గుమ్ములు, దండెం మీద బొంతలు, నులక మంచం. ఈ ఎగుడుదిగుళ్లు ధ్వనిని చెదరగొడతాయి, మట్టీ బట్టా కొంత పీల్చుకుంటాయి. అలాంటి ఇంట్లో చిన్న సెట్టు కూడా మాట మాటా విడిగా పలుకుతుంది. రేకుల ఇంట్లో మంద్రస్వరానికి రేకు తానూ అదిరి జల్లుమంటుంది. వాన పడితే సెట్టు కట్టేయడమే. స్లాబు ఇల్లు అన్నింటికన్నా కష్టమైనది. సిమెంటు గోడలు, కింద షాబాదు బండలో టైల్సో, సామాను తక్కువ. పాట వచ్చినదే మళ్లీ మళ్లీ గోడలకు కొట్టుకుని మాట మీద మాట పడుతుంది.

దీనికి తోడు గది కొలత. ఎదురెదురు గోడల నడుమ దూరానికి రెట్టింపు పొడవున్న అల ఆ గదిలో నిలిచిపోతుంది. పదడుగుల దూరానికి అది 56 హెర్ట్జ్. మన ఇళ్లలో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదులు ఎన్నో. మూడు వైపులా ఒకే 56 దగ్గర నిలుస్తుంది గనుక ఒక్క స్వరం దగ్గర గదంతా గూంయ్‌మంటుంది, మిగతాచోట్ల బేసు చప్పబడుతుంది. సెట్టు చెడిందని దుకాణానికి మోసుకుపోయేవారిలో కొందరి అసలు సమస్య ఇదే. వూఫరును మూల నుంచి జరిపితే, వినేచోటును సరిగ్గా నడిగది నుంచి ఒకటి రెండడుగులు పక్కకు తెస్తే చాలావరకు సర్దుకుంటుంది. మూలలో పెట్టిన పెట్టె మూడు తలాల ఊతంతో బేసును మరీ ఉబ్బిస్తుంది.

గింగురుమనడానికి మందు ఈ నేలలోనే ఉంది. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసే గొంగడి మందంగా, గరుకుగా ఉంటుంది. వినేవారి వెనక గోడకు రెండు మూడంగుళాల ఎడంతో ఒకటి వేలాడదీస్తే పై స్వరాల మార్మోత తగ్గి మాట తేటపడుతుంది. బేసు మీద మాత్రం గొంగడికి పట్టు లేదు, దానికి పెట్టెను జరపడమే దారి. వేలకు వేలు పెట్టి నురగ పలకలు కొనే ముందు ఇంట్లోని గొంగడిని వాడి చూడటం మంచిది.

ఇక పెట్టెల స్థానం. రెండింటి నడుమ ఐదారడుగులు, వినేవారికి కూడా ఒక్కోదాని నుంచి అంతే దూరం ఉండేలా త్రికోణంలో పెట్టాలి. పై స్వరాలు పలికే ట్వీటరు చెవి ఎత్తుకు రావాలి. మన ఇళ్లలో కింద చాప మీద కూర్చుని వినడం అలవాటు గనుక రెండున్నర అడుగులు చాలు. మంచం మీద కూర్చునేవారికి మూడున్నర. రెండు పెట్టెలనూ బీరువా మీదికి ఎక్కించి, గోడకు ఆనించి, ఒకదాని పక్కన ఒకటి పెడితే కొన్న స్టీరియో మోనో అయిపోతుంది. తీగలు కలిపేటప్పుడు రెండు వైపులా ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే పోవాలి. ఒక పక్క తిరగబడితే ఒక స్పీకరు ముందుకు కదిలినప్పుడు మరొకటి వెనక్కి కదిలి, బేసు పోయి గాయకుడి గొంతు ఎక్కడిదో తెలియకుండా పోతుంది. రంగులు చెరిగిపోయి ఉంటే 1.5 వోల్టుల గడియారం సెల్లును క్షణం ఆనించాలి. కాగితం బయటికి పొంగితే సెల్లు పాజిటివు తగిలినదే ఎరుపు.

కరెంటు, ఎండ, దుమ్ము

రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకు ముందు కోతలూ, బోర్లన్నీ ఒక్కసారి నడిచే వేళల్లో వోల్టేజి పడిపోవడమూ నిత్యం. ట్రాన్స్‌ఫార్మరు సెట్టు 170 వోల్టుల దగ్గర గొంతు బొంగురుపోతుంది, ఉన్నట్టుండి 260 వస్తే కాలుతుంది. అడాప్టరు మీద 100–240 అని రాసి ఉన్న సెట్లకు ఈ తక్కువ వోల్టేజి బాధ లేదు. ఊరి చివర ఇళ్లవారు కొనేటప్పుడు ఆ అంకె చూసుకోవడం స్టెబిలైజరు ఖర్చు మిగుల్చుతుంది. ఉరుములు మొదలవగానే ప్లగ్గూ డిష్ తీగా రెండూ పీకేయాలి. స్విచ్చి ఆపితే సరిపోదు.

సెట్టు లోపలి కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ వాటి ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు మూసిన షోకేసులో నడిచే సెట్టు ఏళ్లను నెలల్లా ఖర్చుచేస్తుంది. పాట లేనప్పుడు కూడా గుయ్‌మనే చప్పుడు వస్తుంటే మొదట అనుమానించాల్సింది పెద్ద కెపాసిటరునే. పదుల రూపాయల ఖర్చుతో అది బాగవుతుంది. వాల్యూం తిప్పితే గరగర అంటే లోపల దుమ్ము చేరింది. కాంటాక్టు క్లీనరు చిమ్మి పదిసార్లు తిప్పితే పోతుంది. కిరసనాయిలు వాడకూడదు, ప్లాస్టిక్కు చెడుతుంది. స్పీకరు అంచు నురగ పదేళ్లకు పొడి అయి రాలిపోతుంది. అంచు మార్చడం, కోను మార్చడం ఇప్పటికీ తెలిసిన మెకానిక్కులు పట్టణాల్లో ఉన్నారు. పెట్టె పారేసే ముందు వారిని అడగాలి.

సెట్టు ఎంత బాగున్నా, ఇంటి బయటికి పోయే చప్పుడుకు చట్టం పెట్టిన హద్దు కూడా ఉంది. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్‌లు.

పాట ఎక్కడి నుంచి

హైదరాబాదులోని ఎఫ్.ఎం. కేంద్రాలు కొత్తకోట దాకా నిలకడగా అందవు. ఎఫ్.ఎం. అలలు చూపు దారినే నడుస్తాయి, దూరమూ గుట్టలూ వాటిని ఆపేస్తాయి. బుస్సుమంటూ వచ్చే కేంద్రాన్ని పట్టుకోవాలంటే సెట్టును మోనోలోకి మార్చాలి. స్టీరియో జాడ బలహీనమైన సంకేతంలో రొదనే ఎక్కువ తెస్తుంది. మీడియం వేవుకు ఇప్పుడు వచ్చిన శత్రువులు చవక ఎల్.ఇ.డి. బల్బులు, ఫోను చార్జర్లు. అవి ఆపి చూస్తే ఆకాశవాణి తేటగా వినిపిస్తుంది.

వరల్డ్‌స్పేస్ అనే ఉపగ్రహ రేడియోకు తెలుగులో స్పందన పేరుతో ప్రత్యేక చానెలు ఉండేది. ఆ సేవ మన దేశంలో 2009 డిసెంబరు 31న ఆగిపోయింది. దాని డబ్బాలు కొనుక్కున్నవారికి అవి పనికిరాకుండా పోయాయి. ఒకే కంపెనీ ప్రసారానికి కట్టుబడిన సెట్టు కొనేవారు ఇది గుర్తుంచుకోవాలి. అదే 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్ నేటికీ ఉంది, ఆకాశవాణి తెలుగు కూడా అందులో వస్తుంది. డిష్ డబ్బా వెనక ఎరుపు, తెలుపు రంధ్రాల నుంచి స్టీరియో ఆక్సుకు తీగ కలిపితే నెలసరి ఖర్చు లేకుండా రొద లేని రేడియో అవుతుంది. పల్లె ఇంటికి ఇంతకన్నా చవకైన మంచి మార్గం కనిపించదు.

బ్లూటూత్‌లో పాట మరోసారి కుదించబడి వస్తుంది. మామూలు ఎస్.బి.సి. పద్ధతిలో సెకనుకు సాధారణంగా 328 కిలోబిట్ల దాకా. చిన్న సెట్ల మీద ఆ నష్టం చాలామందికి తెలియదు. ఎక్కువ నష్టం అసలు ఫైలులోనే ఉంటుంది. దుకాణంలో ఎక్కించుకునే పాటలు ఎన్నోసార్లు నకలు తీసినవి, బేసు పెంచినవి. పెన్‌డ్రైవును ఎఫ్.ఎ.టి.32 పద్ధతిలో ఫార్మాట్ చేస్తే చవక ప్లేయర్లు కూడా చదువుతాయి.

పాత డెక్కు, దాచిన కేసెట్లు

చేతులు మారిన డెక్కు కొనేటప్పుడు మొదట పాట పెట్టకుండా వాల్యూం నిండా తిప్పి వినాలి. గుయ్‌మనకపోతే కెపాసిటర్లు బాగున్నట్టు. ఆ తర్వాత వేణువో, హార్మోనియమో సాగదీసి పలికే పాట పెట్టాలి. స్వరం ఊగుతుంటే లోపలి రబ్బరు బెల్టు సాగింది. బెల్టు చవక, దొరుకుతుంది. టేపును నొక్కి లాగే పించ్ రోలరు గట్టిపడితే రీలు నమిలేస్తుంది, అదీ మార్చవచ్చు. హెడ్డు గాడి పడేంత అరిగితే మాత్రం ఆ డెక్కు వద్దు.

పాత కేసెట్లున్న ఇంటికి ఇలాంటి డెక్కు ఒకటి ఇప్పుడు అవసరం. సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనివి ఇంట్లో రికార్డు చేసుకున్నవి: అవ్వ పాడిన బతుకమ్మ పాట, ఊరి భజన మండలి, పెళ్లిలో మైకు ముందు పాడిన మంగళహారతి, బొంబాయి నుంచి ఉత్తరానికి బదులుగా మాట్లాడి పంపిన కేసెట్టు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించడానికి ముందు కేసెట్టును ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి టేపును వదులు చేయాలి. హెడ్డును స్పిరిట్టులో ముంచిన దూదితో తుడవాలి. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను, పాట నడుస్తుండగా, మాటల్లో స-శలు తేటగా వినిపించేదాకా ఒక్కో వెంట్రుకవాసి తిప్పాలి. ప్రతి కేసెట్టుకూ ఇది వేరు, ఎందుకంటే ఒక్కోటి ఒక్కో సెట్టు మీద రికార్డయింది. డెక్కు వెనక లైన్ అవుట్ ఉంటే అక్కడి నుంచి, లేకపోతే హెడ్‌ఫోను రంధ్రం నుంచి వాల్యూం సగం పెట్టి, కంప్యూటరు లైన్ ఇన్‌లోకి తీగ కలిపి, అడాసిటీ వంటి ఉచిత సాఫ్టువేరులో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల దగ్గర రికార్డు చేసి, ముందు వేవ్ ఫైలుగా దాచాలి. రొద తీసేసే పనులన్నీ దాని నకలు మీద చేసుకోవచ్చు. ఫైలు పేరులో పాడినవారి పేరు, ఊరు, ఏ సంవత్సరం నాటిదో రాసి, రెండు వేర్వేరు డ్రైవుల్లో ఉంచాలి. కేసెట్టును మాత్రం పారేయకుండా, స్పీకరు అయస్కాంతానికి దూరంగా, ఎండ తగలని గూట్లో నిలువుగా పెట్టాలి.